క్యాప్ కింద రంగు కూడా రాసి పంపమ్మా

చిరంజీవి మేనకోడలికి,

నీ పేషెంట్ ముందుపన్నుకి చేయించిన క్యాప్ రంగు కలవలేదని, ల్యాబ్‌వాళ్లతో మాటామాటా పెరిగిందని రాశావు. ఫొటో చూశాను. వాళ్ల తప్పేం లేదమ్మా. నువ్వు షేడ్ గైడ్‌లోని ఏ2 రంగు అడిగావు, వాళ్లు ఏ2నే పంపారు. క్యాప్ లోపల ఉండే పన్ను గోధుమరంగుకు తిరిగిందని మాత్రం నువ్వు చెప్పలేదు.

ఆ క్యాప్ చేసిన లిథియం డైసిలికేట్ అనే సెరామిక్ వెలుతురును లోపలికి పోనిస్తుంది. దాని అందమంతా అందులోనే ఉంది, చిక్కూ అందులోనే ఉంది. పల్చటి తెల్లచీర లోపల ముదురు లంగా కడితే దాగుతుందా? నేనూ ఒకసారి ఇలాగే దెబ్బతిన్నాను. రూట్ కెనాల్ అయిన ముందుపన్నులో లోహపు పోస్ట్ (క్యాప్‌కి ఆధారంగా వేరులో దింపే కడ్డీ) పెట్టి, పైన పల్చటి సెరామిక్ క్యాప్ అంటించాను. చేతిలో ముత్యంలా ఉన్నది నోట్లోకి వెళ్లగానే చిగురు దగ్గర బూడిదరంగు తేలింది. ఆ పేషెంటావిడ అద్దం చూసుకుని ఏమీ అనలేదు. పైపెదవిని మెల్లగా కిందికి లాక్కుంది. ఆ క్యాప్ కోసి తీసి, మళ్లీ చేసిచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు.

షేడ్, అంటే పన్ను రంగు, మొదట్లోనే, పన్ను తడిగా ఉన్నప్పుడు, పగటి వెలుతురులో చూడు. ఆరిన పన్ను తెల్లగా కనబడి మోసం చేస్తుంది. అరగదీశాక మిగిలిన మొద్దు పక్కన స్టంప్ షేడ్ ట్యాబ్ (మొద్దు రంగు పోల్చే నమూనా ముక్క) పెట్టి ఇంకో ఫొటో తియ్యి. ఈ రెండో ఫొటో లేకుండా ల్యాబ్‌కి కేసు పంపొద్దు.

క్యాప్ మిల్లీమీటరు మందం ఉంటే కింద రంగు బాగానే తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్లయితే చాలావరకు దాగుతుంది కానీ, దానికోసం మంచి పన్నును అంతలా అరగదీయడం నాకు ఇష్టముండదు. వెలుతురు తక్కువ పోనిచ్చే, కాస్త ఒపేక్‌గా ఉండే ఇంగాట్ (క్యాప్ చేసే సెరామిక్ దిమ్మ) అడుగు, లేదా జిర్కోనియా అనే గట్టి సెరామిక్ మీద పోర్సలీన్ వేయించు. క్యాప్ అంటించే సిమెంట్ రంగు మార్చి సరిచేద్దామనుకోకు. అంత పల్చటి పొర ఏ మాత్రం దాస్తుంది? చిన్న తేడాలకైతే అంటించేముందు సిమెంట్ రంగు ఎలా ఉంటుందో చూపే ట్రై-ఇన్ పేస్ట్‌తో చూసుకో. కొత్తగా పోస్ట్ పెట్టాల్సి వస్తే ముందుపళ్లలో ఫైబర్‌దే పెట్టు.

నీ పేషెంట్‌కి క్యాప్ ఇంకా అంటించలేదన్నావు, అదే మేలయింది. టెంపరరీ క్యాప్ పెట్టి పంపు. రూట్ కెనాల్ అయిన పన్నయితే లోపల బ్లీచింగ్ చేసి చూడు. రంగు తేలిక పడినా తొందరపడకు, కనీసం రెండు వారాలు ఆగితేగానీ రెసిన్ సిమెంట్ సరిగా పట్టదు. అప్పుడు స్టంప్ ఫొటో తీసి ముందు నాకు పంపు. ల్యాబ్‌వాళ్లకి మాత్రం ఇవాళే ఫోన్ చేసి సారీ చెప్పు.

మీ మామయ్య