తొలి ప్లెజర్ రైడ్: 16 కిలోమీటర్లకు ముందు అడిగిన ప్రశ్నలు

ప్రశ్న: ఇంగ్లండ్‌లో రెడింగ్ దగ్గర ఉంటున్నాం. మూడేళ్లుగా రైడింగ్ నేర్చుకుంటున్నాను. ఒకరి గుర్రాన్ని షేర్ మీద (యజమానితో పంచుకుని) వారానికి మూడు రోజులు తిప్పుతున్నాను. ఆరు వారాల్లో 16 కిలోమీటర్ల ప్లెజర్ రైడ్ ఉంది. ఎండ్యూరెన్స్ (దూర స్వారీ పోటీల) వాళ్లు పెడుతున్నారంటేనే గుండె దడగా ఉంది. ఇది పందెమా? మేమిద్దరం సరిపోతామా?
– ఎస్. ఎల్., రెడింగ్

జవాబు: పందెం కాదండీ. ఎండ్యూరెన్స్‌లో పోటీ రైడ్లు వేరు. వాటికి వేగం హద్దులు, వెట్ (పశువైద్యుడి) పరీక్షలు ఉంటాయి. ప్లెజర్ రైడ్ అంటే గుర్తులు పెట్టిన దారిలో మీ ఇష్టమొచ్చిన వేగంతో వెళ్లిరావడమే. చాలాచోట్ల ఒకే రోజు, ఒకే మైదానం నుంచి రెండూ సాగుతాయి. అందుకే పక్కనుంచి ఎవరో దూసుకుపోతే మనం వెనకబడ్డామేమో అనిపిస్తుంది. అతను 60 కిలోమీటర్ల పోటీలో ఉన్నాడేమో, మీకెందుకు?

లెక్క చూడండి. గుర్రం నడక గంటకు సుమారు 6 కిలోమీటర్లు, ట్రాట్ (నెమ్మది పరుగు) 12. సగం దూరం నడిస్తే గంటా ఇరవై నిమిషాలు, సగం ట్రాట్ చేస్తే నలభై నిమిషాలు. మొత్తం రెండు గంటలు. గేట్లు, రోడ్లు దాటడం కలిపితే ఇంకో పావుగంట. క్యాంటర్ (ట్రాట్ కంటే వేగమైన పరుగు) చెయ్యకపోయినా ఏమీ తగ్గదు.

మీ గుర్రం ఇప్పటికే మూడు రోజులు గంటేసి పనిచేస్తోందంటే ఆరు వారాలు చాలు. మొదటి రెండు వారాలు ఎక్కువ భాగం నడక, మధ్యలో ఐదేసి నిమిషాల ట్రాట్. మూడు, నాలుగు వారాల్లో ఒక స్వారీని గంటన్నరకు పెంచి, కాస్త ఎత్తుపల్లాలున్న దారి పట్టండి. ఐదో వారంలో ఒకసారి రెండు గంటలు, 12 కిలోమీటర్లు. ఆరో వారం తేలిక పని. శీతాకాలమంతా పచ్చికలో ఊరికే ఉన్న గుర్రమైతే మాత్రం ఈసారికి పేరు ఇవ్వకండి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పదునెక్కుతాయి, కాళ్ల స్నాయువులు గట్టిపడటానికి నెలలు పడుతుంది. గుర్రం హుషారుగా లాగుతోంది కదా అని వదిలేస్తే దెబ్బ తినేది కాళ్లే.

గుర్రం మీది కాదు కనుక ముందు యజమాని అనుమతి, ఆమె బీమా మీరు ఎక్కినప్పుడు కూడా వర్తిస్తుందో లేదో అడగండి. మూడో వ్యక్తికి నష్టం జరిగితే ఆదుకునే బీమా బ్రిటిష్ హార్స్ సొసైటీ గోల్డ్ సభ్యత్వంతో వస్తుంది. గుర్రాన్ని బండెక్కిస్తే దాని పాస్‌పోర్ట్ కూడా వెంట ఉండాలి, అది చట్టం. మైక్రోచిప్ ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరు నుంచి తప్పనిసరి. ఫ్లూ టీకా తేదీలు, గుర్రానికి ఉండాల్సిన కనీస వయసు, ఒక్కరోజు సభ్యత్వం గురించి రైడ్ నిబంధనల్లో ఉంటుంది. చివరి వారంలో కాదు, ఇవాళే చదవండి.

ప్రశ్న: రైడ్ చేసేది మా ఆవిడ. నన్ను ‘క్రూ’గా (దారిలో సాయం చేసేవాడిగా) రమ్మంటోంది. నాకు గుర్రమంటే కొంచెం భయమే. ఏం పట్టుకెళ్లాలి, ఏం చెయ్యాలి?
– కె. ఆర్., మిల్టన్ కీన్స్

జవాబు: భయపడేవాళ్లు మంచి క్రూ అవుతారు, గుర్రం వెనక్కి పోయి నిలబడరు కనుక.

25 లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు, బకెట్లు రెండు (ఒకటి తాగడానికి, ఒకటి ఒంటికి), పెద్ద స్పాంజి. వీటికంటే పనికొచ్చేవి పిడి ఉన్న పాత పాల సీసాలు, రెండు లీటర్లవి నాలుగు. వీటిని అక్కడ స్లాష్ బాటిల్ అంటారు. మూత తీసి, ముక్కాలు భాగం నింపి, పిడి మీ ఆవిడ చేతికి అందేలా పైకెత్తి పట్టుకోండి. ఆమె మెడమీద జూలు పక్కగా రెండువైపులా పోసి సీసా కింద పడేస్తుంది. మీరు ఏరుకోవాలి. ఇంటి దగ్గర రెండుమూడుసార్లు అలవాటు చెయ్యండి. మెడమీద హఠాత్తుగా చల్లనీళ్లు పడితే బెదిరే గుర్రాలున్నాయి.

వేడెక్కిన కండరాల మీద చల్లనీళ్లు పోస్తే పట్టేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ఎండలకు సిద్ధపడుతూ చేసిన పరిశోధనల్లోనే ఆ భయం తేలిపోయింది. మెడ, భుజాలు, వెనక కాళ్ల మధ్య ధారగా పోస్తూనే ఉండండి. ప్రతిసారీ గీకి తీసి మళ్లీ పోసే పని లేదు, ఆ సమయంలో ఇంకో సీసా పోయవచ్చు. గుర్రపు చెమటలో లాథెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. తెల్లటి నురగ అందువల్లే, దాన్ని చూసి కంగారు పడకండి.

16 కిలోమీటర్లకు ఒకటి రెండు చోట్ల కలిస్తే చాలు. కారు గేటుకు అడ్డం పెట్టకండి. ఆ పొలం రైతు కోపం వచ్చే ఏడాది అందరి మీదా పడుతుంది.

స్వారీ అయ్యాక నాడి చూడటం నేర్చుకోండి. స్టెతస్కోప్‌ను గుర్రం ఎడమ ముందుకాలి మోచేతి వెనక, గర్త్ (పొట్ట కింద జీను బిగించే పట్టీ) ఉండే చోట ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ‘లబ్–డబ్’ రెండూ కలిపి ఒక్క దెబ్బ. కొత్తవాళ్లు విడివిడిగా లెక్కపెట్టి 120 వచ్చిందని హడలిపోతారు. విశ్రాంతిలో 28 నుంచి 44 ఉంటుంది. పోటీ రైడ్లలో 64 దాటితే పంపించరు. మీ గుర్రానికి పావుగంటలో 60 కిందికి రావాలి. రాకపోతే వేగం ఎక్కువైందనో, ఎండ ఎక్కువైందనో, ఎక్కడో నొప్పి ఉందనో అర్థం.

ప్రశ్న: అనంతపురంలో మా నాన్నగారు గుర్రానికి బలం రావాలంటే ఉలవ గుగ్గిళ్లు పెట్టాల్సిందే అంటున్నారు. పెట్టవచ్చా?
– వి. పి., బర్మింగ్‌హామ్

జవాబు: నాన్నగారి మాటలో తప్పులేదు, మనవైపు గుర్రాలు ఉలవలమీదే పెరిగాయి. కానీ మీ గుర్రానికి అది కొత్త మేత. గుర్రం పెద్దపేగులోని సూక్ష్మజీవులు అలవాటైన మేతనే అరిగించగలవు. కొత్తది ఏదైనా 10 నుంచి 14 రోజుల్లో కొంచెం కొంచెం పెంచాలి. రైడ్ వారంలో మొదలుపెడితే కడుపునొప్పి తెచ్చిపెట్టినట్టే. అయినా 16 కిలోమీటర్లకు కావలసిన బలం ఎండుగడ్డిలోనే ఉంది.

ముందురోజు రాత్రంతా ఎండుగడ్డి అందుబాటులో ఉంచండి. దాణా పెట్టేట్టయితే ఎక్కడానికి మూడు గంటల ముందే. ఎక్కబోయే ముందు మాత్రం ఒక గుప్పెడు చాఫ్ (సన్నగా తరిగిన ఎండుగడ్డి) తినిపించండి. గుర్రం పొట్టలో ఆమ్లం రాత్రింబవళ్లు ఊరుతూనే ఉంటుంది. ఖాళీ కడుపుతో ట్రాట్ చేస్తే అది పైభాగానికి చిమ్మి పుండ్లు పడతాయి. గడ్డి ఉంటే చాపలా అడ్డుపడుతుంది.

మామూలు ఉప్పు రోజుకు 30 గ్రాములు, తడి మేతలో. ఎలక్ట్రొలైట్ (లవణాల) పేస్టు ఈ దూరానికి అక్కర్లేదు. నీళ్లు తాగని గుర్రానికి పేస్టు ఎక్కిస్తే పేగులోకి ఇంకా నీరు లాగి మేలుకు బదులు కీడు చేస్తుంది. విశ్రాంతి రోజున దాణా సగానికి తగ్గించడం మరవకండి. అలా ఎందుకో కింద ఇంకో జవాబులో ఉంది.

ప్రశ్న: రైడ్ కోసం కొత్త జీను, కొత్త బూట్లు కొనవచ్చా? లాడాలు ముందురోజు కొట్టిస్తే గట్టిగా ఉంటాయా?
– పేరు వద్దన్నారు, లెస్టర్

జవాబు: కొనండి, ఆ రోజు మాత్రం వాడకండి. మీకూ గుర్రానికీ గంటన్నర స్వారీలో రెండుసార్లు అలవాటైనవే వాడాలి. జీను కింది నమ్దాను ఎక్కే ముందు వెన్నెముక మీద బాగా పైకి లాగి ఖాళీ ఉంచండి. పదిహేను నిమిషాలకు గర్త్ బిగువు మళ్లీ చూడండి. నడిచేకొద్దీ గుర్రం ఊపిరి వదిలి పట్టీ వదులవుతుంది. బూటుకు చిన్న మడమ ఉండాలి, లేకపోతే పాదం రికాబులో దూరి ఇరుక్కుంటుంది. లాడాలు వారం పది రోజుల ముందు. మేకు కాస్త లోపలికి దిగితే ఆ నొప్పి బయటపడటానికి రెండుమూడు రోజులు పడుతుంది, ముందురోజు కొట్టిస్తే దారి మధ్యలో తెలుస్తుంది.

ప్రశ్న: మా గుర్రం ఒంటరిగా ఉంటే మెత్తన. పక్కనుంచి ఇంకొకటి వెళ్తే పట్టలేం. దారి తప్పడం గురించి కూడా భయంగా ఉంది.
– ఎమ్. ఎస్., లీడ్స్

జవాబు: మొదటి మూడు కిలోమీటర్లే అసలు గండం. ఆ గుంపు, లౌడ్‌స్పీకర్, గాలికి కొట్టుకునే జెండాలు చూసి గుర్రం ఉడుకెక్కుతుంది. మీ సమయానికి అరగంట ముందే ఎక్కి మైదానం చివర్లో నడిపించండి. శాంతమైన తోడు గుర్రం ఉంటే జంటగా బయల్దేరండి. తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బను, కొత్త గుర్రానికి పచ్చ రిబ్బను. మీరు పచ్చది కట్టండి. వెనకనుంచి వచ్చేవాళ్లు మర్యాదగా నెమ్మదిస్తారు. ఎవరైనా దాటుతుంటే దాని వెంట తిప్పకుండా, తల కొంచెం పక్కకు తిప్పి నిలపండి. కనుమరుగయ్యాక కదలండి.

గేటు దగ్గర అందరూ దాటేదాకా ఎవరూ కదలకూడదు. ఒకరు ముందు వెళ్లిపోతే గేటు మూసేవాళ్ల గుర్రం గిర్రున తిరుగుతుంది, గేటు గొళ్లెం రికాబుకు తగులుకుంటుంది.

దారికి 1:25,000 ఓఎస్ (బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే) మ్యాపు ఇంట్లోనే చూసుకోండి. అందులో 4 సెంటీమీటర్లు కిలోమీటరు. పొడవాటి పచ్చగీతలు బ్రిడిల్‌వే (గుర్రాలు వెళ్లగల బాట), పొట్టివి కాలిబాట. కాలిబాటలో గుర్రానికి హక్కు లేదు. దారిలో నీలిబాణం మీది, పసుపుబాణం నడిచేవాళ్లది. రైడ్ గుర్తులు కిలోమీటరు దూరం కనబడకపోతే వెనక్కి వచ్చి చివరి గుర్తు దగ్గర చూడండి. రోడ్డు మీద ఎడమవైపే వెళ్లాలి, మెరిసే జాకెట్ తప్పక వేసుకోండి. కారువాళ్లు గంటకు 10 మైళ్లలోపు, కనీసం 2 మీటర్లు వదిలి దాటాలని 2022లో హైవే కోడ్‌లో (బ్రిటన్ రోడ్డు నియమావళిలో) చేర్చారు. అయినా మీరు చెయ్యి ఊపి నెమ్మదించమనాలి, తర్వాత థాంక్స్ చెప్పాలి.

ప్రశ్న: మధ్యలో గుర్రం కుంటితే? కదలనని మొండికేస్తే?
– జె. కె., మాంచెస్టర్

జవాబు: రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని సామెత. దూర స్వారీలో ఆ సామెతను పక్కన పెట్టండి. దిగి నాలుగు గిట్టలూ ఎత్తి చూడండి. లాడం సందులో రాయి ఇరుక్కున్నా కుంటుతుంది. హుఫ్ పిక్ (గిట్ట శుభ్రం చేసే కొక్కెం) జేబులో ఉండాలి, బండిలో కాదు. రాయి తీసినా కుంటుతుంటే నిర్వాహకుల నంబరుకు ఫోన్ చెయ్యండి, బండి పంపుతారు. ఫోన్ మీ ఒంటిమీదే ఉండాలి. జీను సంచిలో పెడితే మీరు పడ్డప్పుడు అది గుర్రంతోపాటే వెళ్లిపోతుంది.

ఇంకో రకం ఉంది. వెనక భాగం కర్రలా బిగుసుకుంటుంది, అడుగులు పొట్టివవుతాయి, చెమట కారుతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. దీన్ని టైయింగ్ అప్ అంటారు. నిండుగా దాణా తిని ఒకటి రెండు రోజులు నిలబడి, తర్వాత ఒక్కసారిగా పనిలోకి దిగిన గుర్రాలకు ఎక్కువ. విశ్రాంతి రోజు దాణా తగ్గించమన్నది ఇందుకే. నడిపిస్తే సర్దుకుంటుందని లాగారో, కండరం ఇంకా చిరుగుతుంది. అక్కడే ఆపి, నడుం మీద కోటు కప్పి, వెట్‌ను పిలవండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా క్లబ్బు వాళ్లం ఇలాంటిదే పెట్టుకోవాలనుకుంటున్నాం. ఎండ ఎంతవరకు ఫరవాలేదు?
– ఎ. ఎన్., హైదరాబాద్

జవాబు: ఫారెన్‌హీట్ ఉష్ణోగ్రతకు గాలిలో తేమ శాతం కలపండి. 130 లోపు నిశ్చింత. 150 దాటితే చెమట సరిగా ఆరదు, నడకే ఎక్కువ ఉండాలి. 180 వస్తే వద్దు. ఉదాహరణకు 30 డిగ్రీల సెల్సియస్ అంటే 86. తేమ 75 శాతమైతే 161. కాబట్టి డిసెంబరు, జనవరి ఉదయాలు ఎంచుకోండి. ప్రతి 5 కిలోమీటర్లకు నీళ్ల డ్రమ్ములు పెట్టండి.

ప్రశ్న: రైడ్ అయిపోయాక వెంటనే బండెక్కించవచ్చా?
– టి. ఎల్., స్వాన్సీ

జవాబు: చివరి కిలోమీటరున్నర దిగి నడిపిస్తూ వస్తే చాలా పని అక్కడే అయిపోతుంది. రాగానే గర్త్ రెండు రంధ్రాలు వదులు చేసి, నీళ్లు చూపించండి. వేడిగా ఉన్నా తాగనివ్వవచ్చు. ఎండుగడ్డి ఇచ్చి, గంటసేపైనా ఆగాకే బండి. ఇంటికొచ్చాక కాళ్ల మీద చల్లనీళ్లు పది నిమిషాలు పట్టి, మోకాలి కింద రెండు చేతులతో తడమండి. రెండు కాళ్లూ ఒకే వేడి, ఒకే మందం ఉండాలి. మర్నాడు పొద్దున గట్టినేల మీద, తాడు వదులుగా పట్టుకుని 30 మీటర్లు ట్రాట్ చేయించి చూడండి. సాయంత్రం కనబడని కుంటు ఆ పూట బయటపడుతుంది. తేడా ఏమీ లేకపోయినా రెండు రోజులు పచ్చికలో వదిలేయండి, దాణా మాత్రం సగమే.