సమావేశానికి ముందు గెలవాల్సిన చోటు

ప్రశ్న: జర్మనీలో లైప్‌జిగ్ దగ్గర ఒక కర్మాగారంలో ఎనిమిది నెలలుగా పనిచేస్తున్నాను. షిఫ్టు మారేటప్పుడు పని అప్పగించే పద్ధతి ఇంకా కాగితాల మీదే నడుస్తోంది. దాన్ని ట్యాబ్లెట్‌లోకి మార్చాలన్నది నా ప్రతిపాదన. వచ్చే నెల పాతికమంది ముందు 20 నిమిషాలు మాట్లాడమన్నారు. స్లైడ్లు ఎన్ని ఉండాలి? జర్మన్‌లో మాట్లాడాలా, ఇంగ్లీషులోనా? ఎలా మొదలుపెడితే ఒప్పుకుంటారు? ఇక్కడ నాకు ఎవరితోనూ పెద్దగా పరిచయం లేదు.

జవాబు: మీ మూడు ప్రశ్నలకూ సమాధానం చివర్లో ఇస్తాను. ప్రశ్నగా అడగకుండా ఊరికే రాసి వదిలేసిన ఆఖరి వాక్యమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. ఎనిమిది నెలలు ఒకే కప్పు కింద పనిచేసి ఎవరితోనూ పరిచయం లేదంటున్నారు, అదే మనుషులను ఒక్క పూటలో ఒప్పించాలనుకుంటున్నారు. ఈ పొరపాటు నేనూ చేశాను, మీకన్నా ఘనంగా చేశాను.

నేను 2007లో విజయవాడ నుంచి ష్టుట్‌గార్ట్ ప్రాంతానికి వచ్చాను. అప్పటికి జర్మనీలో బ్లూ కార్డు, అంటే చదువుకున్న విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస, ఉద్యోగ అనుమతి లేదు, అది 2012లో వచ్చింది. ఏ సందేహం వచ్చినా క్షణంలో తీర్చే వాట్సాప్ బృందాలూ లేవు. ఇప్పటివారికి అన్నీ అమరి ఉన్నా దిగులు మాత్రం మా కాలంలో లాగే ఉండటం చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. నాణ్యత విభాగంలో నా ఉద్యోగం. మధ్యాహ్నం అందరూ క్యాంటీన్‌కు వెళ్తుంటే, ఇంగువ తాలింపు వాసనకు ఎవరైనా ముఖం చిట్లిస్తారేమోనన్న సంకోచంతో నేను క్యారేజీ తీసుకుని పార్కింగ్‌లో ఉన్న కారులో కూర్చుని తినేవాడిని. నవంబరులో అద్దాలకు లోపలి నుంచి ఆవిరి పట్టేది, బయట ఎవరు నడుస్తున్నారో కనిపించేది కాదు. వాళ్ళకు కూడా నేను కనిపించేవాడిని కాదన్న సంగతి చాలాకాలం నాకు తట్టలేదు. నడవాలో ఎదురైనవారు ‘మాల్‌ట్సైట్’ అంటే, అది భోజన వేళకు చెప్పుకునే పలకరింపని తెలియక, చేతిగడియారం చూసి ‘పన్నెండుంపావు’ అని బదులిచ్చిన ఘనత కూడా నాదే.

అలాంటి రోజుల్లో నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. మా దగ్గర షిఫ్టులు ఉదయం 6కు, మధ్యాహ్నం 2కు, రాత్రి 10కి మారేవి. ఏ యంత్రంలో ఏ ఇబ్బంది వచ్చిందో వెళ్ళేవారు ఒక నోటు పుస్తకంలో రాసి పోయేవారు, ఆ రాత వచ్చేవారికి అర్థమయ్యేది కాదు. అందుకని రెండో షిఫ్టు 15 నిమిషాలు ముందుగా రావాలని, ఏ స్థానంలో ఎవరి చేతిలో ఎన్ని లోపాలు వచ్చాయో గోడ మీద పెద్ద తెరపై కనిపించాలని ప్రతిపాదించాను. నెల రోజులు రాత్రిళ్ళు మేలుకుని 42 స్లైడ్లు చేశాను. విభాగాధిపతికి చూపిస్తే ‘ఇంటెరెస్సాంట్’, అంటే ఆసక్తికరంగా ఉందన్నారు. నేను దాన్ని ఆమోదంగా తీసుకున్నాను. కాదనడానికి మొహమాటపడినప్పుడు కూడా ఇక్కడ ఆ మాటే అంటారని తరువాత తెలిసింది.

సమావేశంలో పదో స్లైడు దాకా ఎవరూ కదలలేదు. ఆ మౌనం కూడా నాకు అంగీకారంగానే తోచింది. పదకొండో స్లైడులో పేర్లతో సహా లోపాల పట్టిక రాగానే వెనుక వరుసలో ఒకాయన లేచి, ఈ విషయం బెట్రీబ్స్‌రాట్ దృష్టికి వచ్చిందా అని అడిగారు. రాలేదన్నాను. ఆయన కూర్చున్నారు. నా ప్రజెంటేషన్ కూడా అక్కడే కూర్చుంది. మిగిలిన 31 స్లైడ్లు ఎవరికోసం చూపించానో నాకే తెలియదు.

బెట్రీబ్స్‌రాట్ అంటే ఉద్యోగులు నాలుగేళ్ళకొకసారి ఎన్నుకునే మండలి. నేను దాన్ని మన ఊళ్ళో యూనియన్ లాంటిదనుకుని, వారి సంగతి యాజమాన్యమే చూసుకుంటుందని నిర్లక్ష్యం చేశాను. యూనియన్ వేరు, ఇది వేరు. రోజువారీ పనివేళల మొదలు, ముగింపులను మార్చాలన్నా, ఉద్యోగుల ప్రవర్తననో పనితీరునో పర్యవేక్షించడానికి వీలిచ్చే సాంకేతిక పరికరం పెట్టాలన్నా ఈ మండలి అంగీకారం తప్పనిసరి. ఈ మండళ్ళ గురించిన 1972 నాటి చట్టంలో 87వ సెక్షన్ ఆ సంగతే చెబుతుంది. నా ఒక్క ప్రతిపాదనలో ఆ రెండూ ఉన్నాయి. ఎవరు ఎప్పుడు ఏం నమోదు చేశారో మీ ట్యాబ్లెట్‌లో నిలిచి ఉంటుంది గనుక మీది కూడా రెండో కోవలోకే వచ్చే అవకాశం ఎక్కువ. చట్టం పాఠం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, చదువుకోండి. మీ కర్మాగారంలో అలాంటి మండలి ఉందో లేదో మాత్రం రేపే కనుక్కోండి.

అయితే నన్ను ఓడించింది చట్టం అనుకుంటే మళ్ళీ పొరబడినట్టే. ఆ ఓటమి తరువాత కారులో భోంచేయడానికి కూడా మనసొప్పక ఒక రోజు క్యాంటీన్‌లోకి వెళ్ళాను. వెనుక వరుసలో లేచిన పెద్దమనిషి మా విభాగపు మైస్టరే, అంటే యంత్రాల దగ్గర పని నడిపించే పెద్ద. ఎదురుగా ఖాళీ ఉంది కూర్చోమని ఆయన కుర్చీ చూపించారు. నా క్యారేజీలోని దోసకాయ పప్పును చాలాసేపు పరిశీలించారు, వాసన గురించి ఒక్క మాట అనలేదు. తరువాత నా 15 నిమిషాల సంగతి ఎత్తారు. రెండో షిఫ్టులో నలుగురు ఒకే పల్లె నుంచి బస్సులో వస్తారట. ఆ బస్సు గంటకొకటి, మా గేటు దగ్గర 1:50కి ఆగుతుంది. షిఫ్టు 1:45కు మొదలైతే వాళ్ళు ముందు బస్సెక్కి, గేటు బయట దాదాపు గంటసేపు చలిలో నిలబడాలి. నేను తయారుచేసిన 42 స్లైడ్లలో ఎక్కడా బస్సు లేదు. ఎలా ఉంటుంది? ఆ నలుగురితో నేను ఒక్క రోజైనా భోంచేసి ఉంటే కదా!

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. పరాయి దేశంలో మనకు ఇల్లంటూ ఉండదు, భోజనాల బల్లనే ఇల్లు చేసుకోవాలి. ఆ తరువాత ఏడాది పాటు నేను ప్రతిపాదన ఊసే ఎత్తలేదు, రోజూ క్యాంటీన్‌లో కూర్చున్నాను. మొదట్లో వాళ్ళ ష్వాబియన్ యాస ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే’ అని ఆ ప్రాంతంలో ఒక సామెత ఉందని మైస్టర్ చెప్పిన తరువాతే, నా పనిని ఏడాదిగా ఎవరూ మెచ్చుకోవడం లేదని నేను పడిన బాధంతా అనవసరమని తెలిసింది. ఒంటరిగా ఉన్నవాడికి ప్రతి మౌనమూ తిరస్కారంలాగో అంగీకారంలాగో వినిపిస్తుంది. రెండూ కాకపోవచ్చునని చెప్పడానికి పక్కన ఒక మనిషి ఉండాలి.

రెండోసారి ప్రతిపాదన పెట్టినప్పుడు పనివేళల జోలికి పోలేదు. తెర మీద పేర్లు తీసేసి యంత్రాల సంఖ్యలు మాత్రమే ఉంచాను. మండలి సభ్యులిద్దరికి ముందే చూపిస్తే, ఆ వివరాలను ఎవరి పనితీరునూ లెక్కగట్టడానికి వాడకూడదన్న షరతు రాతపూర్వకంగా కావాలన్నారు, యాజమాన్యం ఒప్పుకుంది. అందరికీ ఒకేసారి కాకుండా ఒక్క లైనులో మూడు నెలలు పరీక్షగా నడుపుదామన్నాను. సమావేశంలో ఖర్చెంత, అదనపు పని ఎవరి నెత్తిన పడుతుంది అని సూటిగా అడిగారు. ఇక్కడ అది శత్రుత్వం కాదు, విషయాన్ని పట్టించుకున్నారనడానికి గుర్తు. రెండో ప్రశ్నకు నేను నోరు తెరిచేలోపే మైస్టర్ సమాధానం చెప్పారు. అంతకన్నా బాగా నేను చెప్పగలిగేవాడిని కాదు. ఆ తెర ఇప్పటికీ అక్కడ ఉంది. ఇది గొప్పకు చెప్పడం లేదు, కొంచెం గొప్పకే చెబుతున్నాననుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఇక మీ ప్రశ్నలు. స్లైడ్లు ఆరు దాటనివ్వకండి. అర్థం కాని రాతతో మీకు చేరిన ఒక అప్పగింత కాగితాన్నే, రాసినవారి పేరు కనబడకుండా, మొదటి స్లైడుగా పెట్టండి. ఆ ఒక్క కాగితం వల్ల ఆ రోజు యంత్రం ఎంతసేపు ఆగిందో చెప్పి అక్కడి నుంచి మొదలుపెట్టండి. మన దేశంలో ఇలా చేస్తాం అన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి. మొదటి రెండు నిమిషాలు జర్మన్‌లో మాట్లాడి, అక్కడి నుంచి ఇంగ్లీషులో చెప్పడానికి అనుమతి అడగండి. రెండు నిమిషాల జర్మన్ ఎవరు సరిదిద్దుతారని మళ్ళీ నన్ను అడగవద్దు, భోజనం దగ్గర పక్కన కూర్చున్నవారిని అడగండి.

నెల రోజుల వ్యవధి ఉంది. ఇక్కడ కొత్తగా చేరినవారు తోటివారికి తినడానికి ఏదైనా తెచ్చిపెట్టడం ఆనవాయితీ, దాన్ని ఐన్‌ష్టాండ్ అంటారు. పుట్టినరోజున కూడా కేకు తేవలసింది పుట్టినవారే, ఎవరో తెస్తారని ఎదురుచూడకండి. ఎనిమిది నెలలు ఆలస్యమైందని నవ్వుతూ ఒప్పుకుని ఈ వారమే ఏదైనా పట్టుకెళ్ళండి, అందులో గుడ్లు, పాలు, గింజలు ఏమేం ఉన్నాయో ఒక చీటీ మీద రాసి పక్కన పెట్టండి. నేను మొదటిసారి సున్నుండలు తీసుకెళ్ళినప్పుడు చీటీ పెట్టలేదు, సాయంత్రానికి డబ్బా నిండుగానే ఇంటికి వచ్చింది.