సీసాలో పెన్సిల్ చీటీ

అమ్మలూ,

నార్వే వాళ్ల ధ్రువ పరిశోధన ఓడ క్రోన్‌ప్రిన్స్ హాకోన్‌లో నీకు చోటు దొరికిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో! స్వెటర్లు ఎన్ని సర్దుకోవాలన్న టెన్షన్ వదిలెయ్యి. మంచు మీద దిగడానికి కావలసిన సూట్లు ఓడవాళ్లే ఇస్తారు. నేను చెప్పాలనుకున్నది నమూనాల సంగతి.

నార్వేకు ఉత్తరాన ఉన్న బేరెంట్స్ సముద్రంలోకి అట్లాంటిక్ వెచ్చటి నీళ్లు ఒకప్పటికన్నా లోపలికి చొచ్చుకొస్తున్నాయి. వాటితో కలానస్ ఫిన్‌మార్కికస్ అనే చిన్న రొయ్యలాంటి ప్రాణి వస్తోంది. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో. చలినీళ్లలో పుట్టి పెరిగే దాని దాయాది కలానస్ గ్లేసియాలిస్ కాస్త పెద్దది, ఒంట్లో నూనె ఎక్కువ. లిటిల్ ఆక్ పక్షి పిల్లలకు మోసుకెళ్లేది ఆ నూనె ఉన్న మేతే. చిన్నది పెరిగి పెద్దది తగ్గితే అదే కడుపు నింపడానికి ఆ పక్షి ఇంకా ఎక్కువ వేటాడాలి.

మైక్రోస్కోప్ కింద కలానస్‌ను తొలిసారి చూసినప్పుడు కదలబుద్ధి కాదు. అద్దంలాంటి ఒళ్లు, అందులో నిలువునా మెరిసే నూనె తిత్తి, ఒంటి పొడవంత మీసాలు. అయితే మీసం ఎర్రగా ఉందనో, సైజు పెద్దగా ఉందనో గ్లేసియాలిస్ అని రాసేయకు. మేం ఏళ్ల తరబడి సైజు చూసే లెక్కపెట్టాం. తర్వాత జన్యుపరీక్షలు చేస్తే చాలాచోట్ల ఒకదాన్ని ఇంకొకటిగా రాసుకున్నామని తేలింది. అందుకే ప్రతి వలలోనూ కొంత ఆల్కహాల్‌లో వెయ్యి. మొత్తం ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ తీయడం గగనమైపోతుంది.

నా మొదటి ప్రయాణంలో సీసాల మీద మార్కర్‌తో రాశాను. కాస్త ఆల్కహాల్ ఒలికి అక్షరాలు చెరిగిపోయాయి. ఏ సీసా ఏ లోతుదో తెలియక పదకొండు సీసాలు పారబోశాం. ఆ రాత్రి ఓడలో నా పడక మీద పడుకుని ఏడ్చాను. నువ్వు పెన్సిల్‌తో చీటీ రాసి సీసా లోపలే వెయ్యి: స్టేషన్ (నమూనా తీసిన చోటు) నంబరు, లోతు, తేదీ, యూటీసీ (ప్రపంచమంతా ఒకటిగా వాడే) టైము.

మంచు కోరు, అంటే డ్రిల్‌తో తొలిచిన మంచు కడ్డీ, పైకి తీశాక అడుగున గోధుమరంగు పూతలా కనిపించేదే మంచు నాచు. దాన్ని లెక్కపెట్టేందుకు కరిగిస్తుంటే వడగట్టిన సముద్రపు నీళ్లు కలుపు. మంచు ఒక్కటే కరిగితే నీళ్లలో ఉప్పు తగ్గిపోయి కణాలు పగిలిపోతాయి. కరిగేదాకా చీకట్లోనే ఉంచు. ధ్రువపు ఎలుగుబంటి కాపలాదారు వెనక్కి రమ్మంటే మాత్రం డ్రిల్ అక్కడే వదిలేసి వచ్చెయ్యి, వాదించకు.

శీతాకాలపు చీకట్లో వెళ్తే డెక్ లైట్లు ఎప్పుడు వెలిగాయో లాగ్‌లో రాయి. ఓడ వెలుతురుకు 200 మీటర్ల లోతు దాకా ప్రాణులు బెదిరి కదులుతాయని 2020లో వచ్చిన పరిశోధన చూపించింది. అది రాయకపోతే నీ అంకెలు ఎవరికీ అర్థం కావు.

వల ఖాళీగా వస్తే సున్నా అని రాయి, వదిలేయకు. ముందువాళ్లు 180 మైక్రాన్ల కన్నాలున్న వల వేసిన చోట నువ్వూ అదే వెయ్యి, ఇంకా మంచి వల చేతిలో ఉన్నా సరే. మారింది సముద్రమా, వలా అన్న అనుమానం రాకూడదు.

నార్వేలోని ట్రోమ్సో రేవులో దిగే రోజున ఆల్కహాల్ సీసాలను నువ్వే దగ్గరుండి దింపించు. ఆ తర్వాత నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ