నర్సింగ్ సీటు వచ్చింది, సూదుల భయం పట్టుకుంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి కాకినాడలో బీఎస్సీ నర్సింగ్ సీటు వచ్చింది. రోజూ రక్తంతో, సూదులతో పని కాబట్టి హెపటైటిస్ బి అంటుకుంటుందని వాళ్ల నాయనమ్మ వద్దంటున్నారు. చేర్పించమంటారా?

జవాబు: నిశ్చింతగా చేర్పించండమ్మా. పెద్దావిడ భయం ఉత్తది కాదు. హెపటైటిస్ బి కాలేయాన్ని దెబ్బతీసి కామెర్లు తెచ్చే వైరస్. టీకా వేయించుకోనివారికి ఈ వైరస్ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే, ఆ రోగి రక్తంలోని వైరస్‌ను బట్టి, అది సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీకి అది 0.3 శాతమే. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ వారం రోజులు బతకగలదు. కానీ దీనికి గట్టి టీకా ఉంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను తయారుచేసి, సామాన్యులు కొనగలిగే ధరకు తెచ్చింది.

జాతీయ టీకాల కార్యక్రమంలో ఇది దేశమంతటికీ విస్తరించింది 2011లో కాబట్టి, మీ అమ్మాయికి చిన్నప్పుడు పడిందో లేదో పాత కార్డు తీసి చూడండి. పడకపోతే తరగతులు మొదలయ్యేదాకా ఆగకుండా ఈ వారమే మొదటి డోసు వేయించండి. రెండోది నెలకు, మూడోది ఆరో నెలకు వేస్తారు గనుక, వార్డు పోస్టింగుల నాటికి మూడూ పూర్తికావాలంటే ఇప్పుడే మొదలుపెట్టాలి.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, అదే నా బాధ. చివరి డోసు తరువాత ఒకటి రెండు నెలలకు యాంటీ హెచ్‌బీఎస్ రక్తపరీక్ష (టీకా వల్ల ఒంట్లో తయారైన రక్షక కణాలు, అంటే యాంటీబాడీలు ఎన్ని ఉన్నాయో చూసేది) చేయించి, ఫలితం 10 mIU/mL లేదా అంతకు మించి ఉందని చూసుకున్నప్పుడే రక్షణ వచ్చిందని చెప్పగలం. తక్కువ వస్తే మూడు డోసులూ మళ్లీ వేయించాలి. ఆ రిపోర్టును సర్టిఫికెట్లతో పాటు దాచమనండి.

వాడిన సూదికి తిరిగి మూత పెట్టకూడదన్నది మొదటి రోజు నుంచే అలవాటు కావాలి. ఒకవేళ గుచ్చుకుంటే సబ్బునీటితో కడిగి, వెంటనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాలి. తిడతారేమోనని కొత్త పిల్లలు దాచేస్తుంటారు; రక్షణ లేనివారికి ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ వీలైతే 24 గంటల్లోపే పడాలి కాబట్టి, ఆ మౌనం చాలా ప్రమాదకరం. కామెర్లంటే మన వైపు పసరు మందు గుర్తొస్తుంది. దాన్ని నమ్ముకుని ఆ సమయాన్ని పోగొట్టుకోవద్దని నాయనమ్మగారికి కూడా నచ్చజెప్పండి.

అడ్మిషన్ రోజునే కళాశాలలో విద్యార్థులకు ఈ టీకా వేయిస్తారా, సూది గుచ్చుకుంటే ఎవరికి చెప్పాలి అని అడిగి రాసుకోండి.