నియంత్రణ అంటే ఆపడమేనా?

సందేహం: "కణంలోని ప్రోటీన్లు క్యాన్సర్ కారక వైరస్‌ల జన్యు వ్యక్తీకరణను నియంత్రిస్తాయి" అని చెబుతుంటే, "నియంత్రిస్తుంటే మరి క్యాన్సర్ ఎందుకొస్తుంది మేడమ్?" అని ఒక పిల్ల అడిగింది. 'నియంత్రించు' తప్పా? 'క్రమబద్ధీకరించు' అనాలా?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి. కుటుంబ నియంత్రణ, ధరల నియంత్రణ, కాలుష్య నియంత్రణ అని రోజూ వినే చెవికి ఆ అనుమానం రాకుండా ఎట్లా ఉంటుంది?

అమరకోశం "నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః" అంటుంది. నియంత అంటే రథం తోలేవాడు. పట్టి ఉంచడమనే అర్థమున్న 'యమ్' ధాతువే నియమానికి, యంత్రానికి, నియంత్రణకు మూలం. సారథి చేతిలోని ప్రగ్రహమే మన పగ్గం. మా అనంతపురం పల్లెల్లో శెనక్కాయ బండి వెనక నడిచినవాళ్లకు ఇది తెలుసు. బండి ఎడమకు తిరగాలంటే దాపటెద్దు పగ్గం లాగుతాడు, వలపటెద్దు పగ్గం వదులు చేస్తాడు. లాగడం, వదలడం కలిస్తేనే తోలడం. ఇంత నిండైన మాటను నిషేధానికి, నియంతృత్వానికి అప్పజెప్పేశామే అని నాకు బాధ.

మీ పాఠంలోనూ ఈ తోలకమే ఉంది. హ్యూమన్ పాపిలోమా వైరస్‌లు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమని కనుక్కున్నందుకు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. తన జన్యువులను పని చేయించుకునే (మీరన్న 'జన్యు వ్యక్తీకరణ' ఇదే) సరంజామా ఆ వైరస్ దగ్గర చాలినంత లేదు, మన కణానిదే వాడుకుంటుంది. ఏపీ-1 అనే కణ ప్రోటీన్ వైరస్ ఈ6, ఈ7 జన్యువులను తట్టి లేపుతుంది. అవి లేస్తే కణానికి కాపలా కాసే పీ53, ఆర్‌బీ ప్రోటీన్లు పనికిరాకుండా పోతాయి. పిల్ల ప్రశ్నకు జవాబు అక్కడుంది. వైవై1 అనే ఇంకో ప్రోటీన్ ఆ జన్యువులను ఎక్కువగా అణచి ఉంచుతుంది. దాని పూర్తి పేరు యిన్ యాంగ్ 1. చోటును బట్టి అణచడం, రేపడం రెండూ చేయగలదు కాబట్టే ఆ పేరు. రెండు పగ్గాలూ ఒకే చేతిలో!

'క్రమబద్ధీకరణ' లేఅవుట్లకు, కాంట్రాక్టు ఉద్యోగాలకు సరిపోతుంది, ఇక్కడ అతకదు. 'వ్యక్తీకరణ' కంటే 'అభివ్యక్తి' నయం. వ్యక్తీకరించేది మనిషి గానీ జన్యువు కాదు.

పరీక్షలో 'నియంత్రించు' ఉండనివ్వండి. తరగతిలో మాత్రం ఏది రేపుతుందో, ఏది అణుస్తుందో విడదీసి చెప్పండి. "వైరస్ జన్యువుల పగ్గాలు కణ ప్రోటీన్ల చేతిలో ఉంటాయి" అంటే నాకు ఇంకా ఇష్టం. పాఠాలు రాసేవాళ్లు ఒప్పుకుంటారో లేదో చెప్పలేను.