పాత కంప్యూటర్‌కు మెమరీ పెంచడం గిట్టుబాటేనా?

ప్రశ్న: 2015లో కొన్న డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను ఇప్పటికీ ఇంట్లో వాడుతున్నాం. అందులో 4 జీబీ మెమరీ (ర్యామ్), హార్డ్ డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. ఇంటి లెక్కలు, బ్యాంకు లావాదేవీలు, పిల్లల చదువు అన్నీ దానిమీదే. ఈమధ్య బాగా నెమ్మదించింది. మెమరీ పెంచితే చాలని ఒకరు, ఇంత పాతదానిమీద డబ్బు పెట్టడం దండగని మరొకరు అంటున్నారు. వాయిదాలపై కొత్తది తీసుకోవాలా, అత్యవసర నిధిలోంచి కొంత తీసి మెమరీ వేయించాలా?

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరూ ఖర్చు దగ్గరే ఆగిపోయారు. ఆ ఖర్చుతో ఆ యంత్రం ఇంకా ఎన్ని నెలలు పనికొస్తుందో తేల్చుకోకుండా, అది చవకో దండగో చెప్పడం సాధ్యం కాదు. కాబట్టి ముందుగా ఆ లెక్క వేద్దాం.

కొత్త కంప్యూటర్ ధరను 100 వంతులు అనుకోండి. అది ఆరేళ్ళు, అంటే 72 నెలలు పనిచేస్తే, నెలకు దాదాపు 1.4 వంతుల ఖర్చు పడుతుంది. మెమరీకి 8 వంతులు అవుతుందనుకుందాం. మీరు విచారించిన అసలు ధరలను ఈ అంకెల స్థానంలో వేసుకోవచ్చు. 8ని 1.4తో భాగిస్తే 6కు కాస్త తక్కువ వస్తుంది. అంటే మెమరీ వేయించాక పాత యంత్రం ఇబ్బంది పెట్టకుండా ఆరు నెలలు నడిస్తే పెట్టిన డబ్బు గిట్టినట్టే, ఆపైన నడిచే ప్రతి నెలా మీకు మిగులే. మెమరీతోపాటు హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) కూడా వేయించి మొత్తం 17 వంతులు ఖర్చు పెడితే, గిట్టుబాటు కావడానికి ఏడాది పైచిలుకు పడుతుంది. అయితే ఈ రెంటికీ ఒక తేడా ఉంది: ఎస్‌ఎస్‌డీని రేపు కొత్త కంప్యూటర్‌లోకి మార్చుకోవచ్చు, పాతరకం మెమరీని మాత్రం మార్చుకోలేరు. 2015లో మీరు పెట్టిన ధర ఈ లెక్కలో ఎక్కడా రాదు. "అంత పెట్టి కొన్నాం కదా" అన్న మాట పక్కన పెడితేనే నిర్ణయం సరిగ్గా కుదురుతుంది.

ఇక రెండో సంగతి, కొరత నిజంగా మెమరీదేనా అన్నది. దీన్ని తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు, పదినిమిషాలు చాలు. రోజూ సాయంత్రం మీరు తెరిచేవన్నీ, అంటే లెక్కల ఫైలు, బ్రౌజర్‌లోని ట్యాబులు, పిల్లల పాఠాల వీడియో, అన్నీ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న భాగంలో మెమరీని చూడండి. 4 జీబీలో 3.6 దాటి వాడకంలో ఉండి, అదే సమయంలో డిస్క్ కూడా 100 శాతం దగ్గర కొట్టుకుంటూ ఉంటే, మెమరీ చాలడం లేదన్నమాట. జాగా నిండిపోయినప్పుడు విండోస్ కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్ మీదికి దించి, అవసరమైనప్పుడు మళ్ళీ ఎక్కించుకుంటుంది. మెమరీలో ఒక సమాచారాన్ని అందుకోవడానికి దాదాపు 100 నానోసెకన్లు పడితే, తిరిగే హార్డ్ డిస్క్ మీద దాన్ని వెతికి తీయడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే లక్ష రెట్ల తేడా. మీరు ఒక ట్యాబ్ నుంచి ఇంకో ట్యాబ్‌కు మారినప్పుడల్లా పెట్టెలోంచి గరగరమని చప్పుడొచ్చి, తెర కాసేపు బిగుసుకుపోవడానికి ఇదే కారణం. అలా కాక, మెమరీ సగమే నిండి డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే మెమరీ కొనకండి. అక్కడ మార్చాల్సింది డిస్క్‌ను.

అదే పుటలో అడుగున మెమరీ స్లాట్లు, అంటే మెమరీ పలకలు అమర్చే చోట్లు, ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. రెండింట్లో ఒకటే నిండి ఉంటే మరో 4 జీబీ చేర్చి 8 జీబీ చేసుకోవచ్చు. ఉన్నదానికి సరితూగే పలకను చేరిస్తే రెండూ జంటగా పనిచేస్తాయి, వేగాలు వేరైతే తక్కువదాని వేగంతోనే నడుస్తాయి. మీ విండోస్ 64 బిట్ రకమేనా అన్నది కూడా సెట్టింగ్స్‌లో చూసుకోండి. 32 బిట్ రకమైతే 4 జీబీకి మించి వాడుకోలేదు కనుక, కొత్త మెమరీకి పెట్టిన డబ్బు అక్కరకు రాదు.

కొనే దగ్గర ఒక జాగ్రత్త మరీ ముఖ్యం. 2015 నాటికి మెమరీలో డీడీఆర్3, డీడీఆర్4 అనే రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. డెస్క్‌టాప్‌కు వేసే డీడీఆర్3 పలకకు 240 పిన్నులు, డీడీఆర్4కు 288. మధ్యలో ఉండే గాడి కూడా కొద్ది మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటుంది కనుక ఒకదాని స్థానంలో మరొకటి కూర్చోదు. నేను ఒకసారి పాత పలకను తీసి చూడకుండా, కంప్యూటర్ వయసును బట్టి ఊహించి డీడీఆర్4 తెప్పించాను. కవరు విప్పినందున అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు, ఆ ఖర్చు పూర్తిగా నా మీదే పడింది. అందుకే పాత పలకను బయటికి తీసి, దానిమీది చీటీలో రాసి ఉన్న రకాన్ని, వేగాన్ని ఫోటో తీసుకున్నాకే కొనమని అడిగిన ప్రతివారికీ చెబుతున్నాను. మదర్‌బోర్డు (కంప్యూటర్ భాగాలన్నీ అమరే ప్రధాన బోర్డు) గరిష్ఠంగా ఎంత మెమరీని తీసుకుంటుందో దాని తయారీదారు ఇచ్చిన వివరాల్లో ఉంటుంది. వాడిన మెమరీ కొనడంలోనూ తప్పు లేదు. అందులో కదిలే భాగాలేవీ లేనందున, వాడిన హార్డ్ డిస్క్ కంటే ఇది నమ్మదగినదే. కాకపోతే వాపసు గడువు ఉన్నచోటే కొని, ఆ గడువులోగా మెమ్‌టెస్ట్86 వంటి పరీక్షను ఒక రాత్రంతా నడిపి చూడండి. ధర తగ్గుతుందేమోనని ఎదురుచూడటం మాత్రం లాభం లేదు. తయారీదారులు కొత్త రకాలవైపు మళ్ళాక పాతరకం సరుకు తగ్గి, ధర పెరిగే అవకాశం కూడా ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్కను నిజంగా తేల్చే విషయానికి వస్తాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతోపాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లు కావాలి. 2015 నాటి యంత్రం ఆ జాబితాలో ఉండదు, ఎంత మెమరీ పెంచినా చేరదు. భద్రతా నవీకరణలు అందని కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. మెమరీకి పెట్టిన ఖర్చు ఆదా చేసే మొత్తం ఎంతో మనం లెక్కగట్టగలం. ఖాతాలోంచి పోయే మొత్తానికి అలాంటి హద్దు లేదు. అందువల్ల బ్యాంకు పనిని, ఇంకా నవీకరణలు అందుకుంటున్న ఫోనుకు మార్చండి. లేదా కంప్యూటర్‌లో విండోస్‌కు బదులు లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థను వేసుకోండి. ఇంటి లెక్కలకు, వీడియో పాఠాలకు 8 జీబీతో అది హాయిగా నడుస్తుంది. పిల్లల బడివారు చెప్పిన సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే పనిచేసేదైతే మాత్రం ఈ దారి కుదరదు. లినక్స్ మింట్‌ను యూఎస్‌బీ నుంచి నడిపి ముందే పరీక్షించి చూసుకోవచ్చు. ఈ మార్పు మీ ఇంట్లో కుదిరితే ఏడాదిన్నర వాడకం ఆశించవచ్చు, 8 వంతుల ఖర్చు నిస్సందేహంగా గిట్టుతుంది. కుదరకపోతే మెమరీకి కూడా డబ్బు పెట్టవద్దనే అంటాను. యంత్రం ఉన్నట్టుండి ఆగిపోవడం, మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు అనే చిన్న స్తంభాల్లాంటి భాగాలు ఉబ్బి కనిపించడం వంటివి ఉన్నా అంతే.

అత్యవసర నిధిని దీనికోసం ముట్టుకోకండి. అది ఆస్పత్రి ఖర్చుకు, ఉద్యోగం పోయిన నెలలకు. పదేళ్ళు దాటిన కంప్యూటర్ నెమ్మదించడం ముందే తెలిసిన ఖర్చు. రెండు మూడు నెలల జీతాల్లోంచి ఆ 8 వంతులు కూడబెట్టి కొనండి. ఈలోగా కంప్యూటర్ తెరవగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాములను ఆపేస్తే కొంత ఊరట దొరుకుతుంది. ఇక వాయిదాల మాటకొస్తే, వడ్డీ లేదన్నా, 100 వంతులను ఏడాదిలో తీర్చాలంటే నెలకు 8 వంతులు దాటుతుంది. మెమరీకయ్యే మొత్తం ఖర్చును పన్నెండు నెలలపాటు ప్రతి నెలా కట్టడమన్నమాట. ప్రాసెసింగ్ రుసుము, ఒక నెల తప్పితే పడే జరిమానా దానికి అదనం.

మెమరీ వేసే ముందు మీ ఫైళ్ళన్నీ వేరేచోట భద్రపరచండి. కరెంటు తీగ తీసేసి, పవర్ మీటను కొన్ని సెకన్లు నొక్కి ఉంచి, పెట్టె లోహభాగాన్ని ఒకసారి ముట్టుకుని పని మొదలుపెట్టండి. గాడి సరిచూసుకుని, పలకను చివరి క్లిప్పు టక్కుమని పడేవరకు నిలువుగా నొక్కాలి. ఇది ఇంట్లోనే చేసుకోదగ్గ పని, కూలి కూడా మిగులుతుంది.

ఆ రోజు నుంచే కొత్త కంప్యూటర్ కోసం వేరే ఖాతాలో పొదుపు మొదలుపెట్టండి. ఏడాదిన్నరలో 100 వంతులు కూడాలంటే నెలకు సుమారు 5.6 వంతులు, రెండేళ్ళకైతే 4.2 వంతులు వేయాలి. మీ నెలసరి మిగులులో ఈ రెంటిలో ఏది ఇముడుతుందో చూసుకుని, జీతం పడిన మర్నాడే ఆ మొత్తం దానంతట అదే ఆ ఖాతాలోకి మళ్ళేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి.