క్షమించాక కూడా దూరం పెట్టవచ్చా?

ప్రశ్న: మా సంఘంలో ఒక సహోదరుడు వ్యభిచారంలో పడ్డాడు. పెద్దల ముందు ఒప్పుకున్నాడు, ఆ సంబంధం తెంచుకున్నాడు. ఏడాది దాటినా ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే సంస్కారానికి) రానివ్వడం లేదు. అడిగితే "ఇంకా చూద్దాం" అంటున్నారు. ఇది వాక్యానుసారమేనా?

జవాబు: కాదు. క్రమశిక్షణ పెట్టడంలో తప్పు లేదు. అది ఎప్పుడు, దేనితో ముగుస్తుందో చెప్పకపోవడమే తప్పు. తండ్రి భార్యతో ఉన్నవాణ్ణి వెలివేయమని 1 కొరింథీ 5లో రాసిన పౌలే, 2 కొరింథీ 2:6-8లో శిక్ష పొందిన ఒకడి గురించి ఆ శిక్ష చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడు అన్నాడు. ఇద్దరూ ఒకరేనా కాదా అన్నదానిపై పండితుల్లో భేదాభిప్రాయాలున్నాయి. ఎలా చదివినా, పశ్చాత్తాపపడ్డవాణ్ణి బయటే నిలబెట్టే హక్కు సంఘానికి లేదు.

325లో బిషప్‌లు కూడి నియమాలు చేసిన నీకయా సభ చాలా కఠినంగా ఉండేది. రోమా చక్రవర్తి లికీనియస్ కాలంలో ఎవరూ బలవంతం చేయకుండానే విశ్వాసం వదిలినవాళ్లు 3 ఏళ్లు వాక్యం వినేవారిగా, 7 ఏళ్లు సాష్టాంగపడేవారిగా, 2 ఏళ్లు బల్లలో పాలుపంచుకోకుండా ప్రార్థనల్లో మాత్రమే ఉండాలంది. మొత్తం 12 ఏళ్లు! అంత పొడవు ఈనాడు ఎవరికీ మేలు చేయదని నా అభిప్రాయం. కానీ దానికీ ఒక చివర ఉంది. నిజమైన మార్పు కనబడితే బిషప్ కనికరం చూపవచ్చని ఆ వెంటనే వచ్చే 12వ నియమం చెబుతుంది. మీ పెద్దల "ఇంకా చూద్దాం"కు ఆ చివర కూడా లేదు.

పెద్దలు కూర్చుని కాగితం మీద రాసుకోవాలి: ఏ పాపానికి, బల్ల ఆపారా, పరిచర్య ఆపారా, రెండూనా, వారం వారం ఎవరు కలిసి ప్రార్థిస్తారు, ఏ తేదీన మళ్లీ కూర్చుంటారు, ఏ ఫలం చూసి చేర్చుకుంటారు. ఆ ఫలం చేతల్లో కనబడేదై ఉండాలి: భార్య దగ్గర నిజం దాచకపోవడం, ఆ స్త్రీతో ఫోన్ మాటలు కూడా మానేయడం వంటివి. "ముఖంలో పశ్చాత్తాపం లేదు" అన్నది కొలత కాదు. ఇక్కడ సంఘాలు తరచూ చేసే అన్యాయం ఒకటుంది. ఆపినప్పుడు ఆదివారం ఆరాధనలో అందరికీ వినబడేలా ప్రకటిస్తారు, చేర్చుకున్నప్పుడు మాత్రం గదిలో చెప్పి పంపేస్తారు. అప్పుడు విశ్వాసులకు మొదటి మాటే గుర్తుంటుంది. ఏ సభలో ఆపారో ఆ సభలోనే చేర్చుకోవాలి.

అయితే ఆ తేదీని చూపి, నువ్వూ క్షమించు అని అతని భార్యను తొందరపెట్టకూడదు. ఆమె గాయం మానడానికి పెద్దలు గడువు పెట్టలేరు.

ప్రశ్న: కానుకల డబ్బు వాడుకున్న కోశాధికారి కన్నీళ్లతో ఒప్పుకున్నాడు. పదవి తిరిగి ఇవ్వకపోతే మేం క్షమించనట్టేనా?

జవాబు: కానే కాదు. క్షమాపణ ఈరోజే ఇవ్వాలి. పదవి నమ్మకం మీద నిలిచేది, దానికి కాలం పడుతుంది. సుంకాలు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). మీరు నాలుగంతలు అడగనక్కర్లేదు, తీసుకున్నది ఎన్ని వాయిదాల్లో కడతాడో మాత్రం రాయించుకోండి. అతణ్ణి పాటల్లో, ప్రార్థనలో, బల్లలో కలుపుకోండి. డబ్బు పెట్టె మాత్రం అతని చేతికి ఇవ్వకండి, తానే అడిగినా సరే. ఇకపై ఎవరు కోశాధికారి అయినా బంధువులు కాని ఇద్దరు కలిసి లెక్కించాలి, బ్యాంకులో రెండు సంతకాలు ఉండాలి. చందా విషయంలో ఎవరూ తప్పుపట్టకుండా పౌలు కూడా తోడుగా మనుషుల్ని పంపాడు (2 కొరింథీ 8:18-21).

ప్రశ్న: తప్పు చూపితే "తీర్పు తీర్చకుడి" అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆ మాట ఉన్న అధ్యాయంలోనే (మత్తయి 7:5) ముందు నీ కంట్లోని దూలం తీసుకో, తర్వాత సహోదరుని కంట్లో నలుసు తీయవచ్చు అని ఉంది. తీసే విధానం మత్తయి 18:15-17లో ఉంది: మొదట ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరితో, అప్పటికీ వినకపోతే సంఘానికి. మొదటి మెట్టు ఎక్కకముందే పదిమందికి ప్రార్థన మనవిగా చెబితే అది కొండెమే.

పిల్లలపై అఘాయిత్యం, ఇంట్లో కొట్టడం వంటి నేరాలకు మాత్రం ఈ మెట్లు వాడకండి. బాధితులను నేరస్థుడి ముందుకు ఒంటరిగా పంపడం ప్రమాదం. ముందు వాళ్లను సురక్షితమైన చోటికి చేర్చండి, పోలీసులకు చెప్పండి. నేరస్థుడి పశ్చాత్తాపం గురించి పెద్దలు మాట్లాడేది ఆ తర్వాతే.